గాలిలో మాట, శత్రువు చెవి

బొంబాయిలో నాగ్‌పాడా పక్కనే కామాఠీపురా ఉంది. నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి బతుకుదెరువు కోసం వెళ్ళి ఆ నగరాన్ని కట్టిన కూలీలను అక్కడివారు కామాఠీలన్నారు. పేటకు ఆ పేరే నిలిచింది. మన సరిహద్దు జిల్లాలవారికి అక్కడి చాళ్ళు కొత్త కాదు. అక్కడ ఒక గదిలో మాట్లాడితే పక్క గదికి వినబడుతుంది. రేడియో స్వభావమూ అంతే. మాట ఒక్కరికోసం పంపినా గాలి అందరిదీ.

ఆ పేటకు చేరువలోనే, గిర్గాం, చౌపాటీ ప్రాంతాల్లో, 1942 క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో కాంగ్రెస్ రహస్య రేడియో 42.34 మీటర్లపై పలికింది. దాన్ని నడిపినవారిలో ఒకరైన ఉషా మెహతాకు అప్పుడు 22 ఏళ్ళు. వారు చెప్పే మాటలు అందరూ వినాలి. యంత్రం ఉన్న చోటు మాత్రం ఎవరికీ తెలియకూడదు. ప్రసారం వచ్చే దిక్కును పరికరాలతో పసిగట్టవచ్చు కాబట్టి తరచూ ఇళ్ళు మార్చారు. చివరకు ఒక సాంకేతిక నిపుణుడే గుట్టు చెప్పడంతో నవంబరు 12న పట్టుబడ్డారు. ఆమెకు నాలుగేళ్ళ జైలుశిక్ష పడింది.

యుద్ధభూమిలోని చిన్న దళానికి ఈ చిక్కు రెండింతలు. చోటునూ దాచాలి, మాటనూ దాచాలి. చేతి రేడియో రెండు మూడు మైళ్ళకు మించి పోదు కదా అని ధీమా పడరాదు. గుట్టమీద పెద్ద ఏరియల్ పెట్టుకున్న శత్రువుకు, లోయలో ఉన్న తోటి సిపాయికంటే ముందే ఆ మాట అందుతుంది.

వియత్నాంలో జరిగింది ఇదే. 1969 డిసెంబరులో అమెరికా సైనికులు ఒక శత్రు శ్రవణ దళాన్ని పట్టుకున్నారు. తమ సంభాషణలనే చేతితో రాసుకున్న కాగితాలు ఆ దళం దగ్గర కుప్పలుగా దొరికాయి. మాటను మార్చి పంపే యంత్రాలు అప్పటికే ఉన్నాయి. కాని వాటి బరువు మోయలేక సిపాయిలు తరచు వదిలేసేవారు. 2022లో ఉక్రెయిన్‌లో రష్యా దళాలు మామూలు వాకీటాకీల్లో మాట్లాడుకుంటే, ఔత్సాహికులు సైతం విన్నారు.

మాటను సంకేతాల్లో దాచినా పలికిన దిక్కు దాగదు. అందుకే క్లుప్తంగా పలకడం, పలికిన చోటు వదలడం, అవసరం లేనప్పుడు మౌనంగా ఉండడం ఇప్పటికీ సిపాయికి మొదటి పాఠాలు. మన ఊళ్ళ నుంచి సైన్యంలో చేరిన బిడ్డల ప్రాణాలు ఒక్కోసారి ఆ మౌనం మీదనే ఆధారపడి ఉంటాయి.