మూడు కాలాల కంచు

జపాన్‌లోని నారాలో తొదాయ్‌జీ గుడికి వెళ్లినవాళ్లు ముందు మహాబుద్ధుడి ముఖం చూస్తారు. ఫౌండ్రీలో బతుకంతా గడిపిన నా కళ్లు మాత్రం అతుకుల కోసం వెతికాయి. దాదాపు 15 మీటర్ల కంచు విగ్రహాన్ని ఒక్క పోతలో తీయడం ఎవరి తరం?

మశూచి, కరువు, తిరుగుబాటు వరసగా రాజ్యాన్ని కుదిపేశాక, 743లో షోము చక్రవర్తి ఈ విగ్రహానికి పూనుకున్నాడు. గుప్పెడు మట్టి తెచ్చినవాణ్ణి కూడా పనిలో కలుపుకోమన్నాడు. పోత 747లో మొదలైంది. ముందు మట్టి బొమ్మ చేసి, దాని మీద బయటి మూస తీశారు. తర్వాత బొమ్మను కంచు మందం మేర చెక్కి, మూసను మళ్లీ బిగించి, ఆ సందులో కరిగిన లోహం పోశారు. కింది నుంచి పైకి ఎనిమిది వరసలు. ఒక వరస పూర్తయ్యాక చుట్టూ మట్టికట్ట లేపి, కొలుములను దాని మీదికెక్కించి, పై వరస పోసేవారు. అలా రెండేళ్లు. బంగారాన్ని పాదరసంలో కలిపి పూత పూసి, నిప్పుసెగతో పాదరసాన్ని ఆవిరి చేశారు. ఆ ఆవిరి ఎంత విషమో మా పనివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

752లో కుంచె పట్టి బుద్ధుడి కళ్లు తెరిపించినవాడు మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు.

855లో భూకంపానికి తల ఊడిపడింది. 1180లో తైరా వంశపు సైన్యం పెట్టిన మంటల్లో గుడి కాలి, కంచు కరిగింది. అరవై దాటిన చోగెన్ అనే భిక్షువు ఊరూరా చందాలెత్తి, చైనా పోతగాడు చెన్ హెచింగ్‌ను పిలిపించి పోయించాడు. 1185లో పాత కుంచెతోనే మళ్లీ కళ్లు తెరిపించారు. 1567 యుద్ధంలో ఇంకోసారి కాలింది. ఆపైన వందేళ్లకు పైగా బుద్ధుడికి సరైన నీడే లేదు. చివరికి కోకెయ్ అనే భిక్షువు జోలె పట్టాడు. 1692కి విగ్రహం, 1709కి మందిరం సిద్ధమయ్యాయి.

అందుకే పీఠంలో కొంత 8వ శతాబ్దానిది, ఒంటిలో ఎక్కువ భాగం 12వ శతాబ్దానిది, తల 17వ శతాబ్దానిది. మొదట సుమారు 86 మీటర్లున్న మందిరం వెడల్పు 57కు తగ్గింది. అంత లావు మాన్లు దొరక్క, చెక్కలను ఇనుప పట్టీలతో బిగించి స్తంభాలు చేశారు.

ఏ తరమూ పాతదాన్ని పూర్తిగా కరిగించి కొత్తది పోయలేదు. నిలిచినదాన్ని నిలవనిచ్చి, పోయినంత మేరకే పోసుకుంది. పోతపనిలో అదే కష్టం: చల్లారిన పాత కంచుకు కొత్త కంచు అంత సులువుగా పట్టదు.