పై మెట్టుకి పిలుపు ఎవరికి?

2024 నవంబరులో పెర్త్ టెస్టుకు విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని తీసుకున్నప్పుడు చాలామందికి ఒకటే సందేహం. ఫస్ట్‌క్లాస్ బ్యాటింగ్ సగటు 21 దగ్గర ఉన్నవాడు ఆస్ట్రేలియాలో టెస్టు ఆడగలడా? మొదటి ఇన్నింగ్స్‌లో జట్టంతా కలిసి 150 చేస్తే అందులో అందరికంటే ఎక్కువ, 41 పరుగులు, అతనివే. నెల దాటగానే మెల్‌బోర్న్‌లో 114 కొట్టాడు. అంతకు ఆరేళ్ల ముందు హనుమ విహారి టెస్టుల్లోకి వచ్చినప్పుడు సగటు దాదాపు 60. ఓవల్‌లో తొలి ఇన్నింగ్స్‌లోనే అర్ధశతకం చేసినా, 16 టెస్టుల తర్వాత అతని సగటు 33 దగ్గర ఆగింది. కింద ఆడిన ఆట పైన ఏమవుతుందో అంకెలు పూర్తిగా చెప్పవు. అలాగని వాటిని పక్కన పెట్టేయడానికీ లేదు.

ఈ చిక్కుముడి విప్పడానికే అమెరికా నూరేళ్లకు పైగా ఒక వ్యవస్థను నడుపుతోంది. ఆట బేస్‌బాల్. పైన 30 మేజర్ లీగ్ జట్లు. ఒక్కో దానికి కింద నాలుగేసి అనుబంధ జట్లు: సింగిల్ ఎ, హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ. మొత్తం 120 జట్లు, వేల మంది కుర్రాళ్లు. ఒక్కో మెట్టు ఎక్కాలంటే ఎవరో ఒకరు చూసి, "వీడు సిద్ధం" అనాలి. ఆ మాట ఎవరు అనాలి, ఏం చూసి అనాలి అన్న తగవే ఈ ఆట చరిత్రలో సగం.

నార్త్ కరొలైనాలో కేరీ, మోరిస్‌విల్ ఊళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉంటారు. దగ్గరలోని డర్హామ్‌లో డర్హామ్ బుల్స్ అనే ట్రిపుల్ ఎ జట్టుంది. 1998 నుంచి టాంపా బే జట్టుకి అనుబంధం. ఎడమవైపు ఎత్తైన నీలిగోడ, దాని పైన పెద్ద ఎద్దు బొమ్మ. వేసవి సాయంత్రాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లే నాన్నలకు, క్రికెట్‌తో పెరిగినవాళ్లకు, మొదట అది ఊరి జట్టు ఆటలాగే కనిపిస్తుంది. గెలుపోటములు చూస్తారు. నిజంగా జరుగుతున్నది తెలియాలంటే బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక వల పక్కన కూర్చున్నవాళ్లను చూడాలి.

వాళ్లు స్కౌట్లు. చప్పట్లు కొట్టరు. ఒక చేతిలో స్టాప్‌వాచ్, ఒళ్లో నోటుపుస్తకం, పక్కన బంతి వేగం చూసే రాడార్ గన్. బ్యాటుకి బంతి తగిలిన చప్పుడుకి బొటనవేలు ఒకసారి కదులుతుంది, పరుగెత్తినవాడి కాలు మొదటి బేస్ మీద పడగానే ఇంకోసారి. అతను అవుటయ్యాడా లేదా అన్నది వాళ్లకు ముఖ్యం కాదు, ఆ చివర నుంచి ఈ చివరకు 4.1 సెకన్లా, 4.4 సెకన్లా అన్నది ముఖ్యం. క్యాచర్ బంతి అందుకుని రెండో బేస్‌కి విసరడానికి రెండు సెకన్లలోపు పడితే పుస్తకంలో ఒక అంకె పడుతుంది. కొట్టడం, బలం, పరుగు, విసురు, ఫీల్డింగ్. ఈ అయిదింటికీ 20 నుంచి 80 దాకా మార్కులు. 50 అంటే మేజర్ లీగ్ ఆటగాడి సగటు. 80 అన్న అంకె ఏ స్కౌటూ తేలిగ్గా వెయ్యడు.

ఈ మెట్లన్నీ మొదటి నుంచీ ఇలా లేవు. 1901లో చిన్న లీగులన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నప్పుడు ఆ జట్లు స్వతంత్రం. మంచి ఆటగాడు దొరికితే పెద్ద జట్టుకి అమ్ముకోవడమే వాటి బతుకుతెరువు. అమ్మడం ఇష్టం లేకపోతే అట్టేపెట్టుకునేవి. బాల్టిమోర్ ఓరియోల్స్ అప్పట్లో మైనర్ జట్టు, యజమాని జాక్ డన్. 1919 నుంచి 1925 దాకా వరసగా ఏడుసార్లు లీగ్ గెలిచింది. అందులో లెఫ్టీ గ్రోవ్ అనే ఎడమచేతి పిచ్చర్ (బంతి విసిరేవాడు) నూరుకి పైగా ఆటలు గెలిపించాడు. అతను పైకి వెళ్లడానికి సిద్ధమని ఊరంతటికీ తెలుసు. డన్ వదల్లేదు. చివరకు 1,00,600 డాలర్లకి ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌కి అమ్మాడు. 1925లో 25 ఏళ్ల వయసులో పైకి వచ్చిన గ్రోవ్ మొదటి ఏడు 10 గెలిచి 12 ఓడాడు. అంతటి సిద్ధహస్తుడికీ పై మెట్టు ఒక ఏడాది చుక్కలు చూపించింది. ఆ తర్వాత 1931లో 31 గెలిచి నాలుగే ఓడాడు. కెరీర్ ముగిసేసరికి సరిగ్గా 300 గెలుపులు.

డబ్బు పెట్టి కొనే స్తోమత లేని సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో బ్రాంచ్ రికీ అనే మేనేజర్ మరో దారి పట్టాడు. చిన్న జట్లనే కొనేద్దాం, కుర్రాళ్లను మనమే పెంచుదాం అన్నాడు. దాన్నే 'ఫార్మ్' పద్ధతి అన్నారు. 1930ల చివరికి కార్డినల్స్ కింద 30కి పైగా జట్లు. కుర్రాళ్లు కుప్పలు తెప్పలు, పైన ఖాళీలు పిడికెడు. ఇలా దాచిపెట్టడం అన్యాయమని బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ 1938లో వాళ్ల ఆటగాళ్లను 70 మందికి పైగా ఒక్క దెబ్బతో విడుదల చేశాడు. రికీ పద్ధతి ఆటను మార్చింది నిజమే. తీర్పు చెప్పేవాడే యజమాని అయినప్పుడు కుర్రాడి వయసు ఎలా కరిగిపోతుందో కూడా మొదట చూపించింది అదే.

కానీ అదే రికీ బ్రూక్లిన్ డాడ్జర్స్‌కి వెళ్లాక చేసిన పని చరిత్రలో నిలిచింది. అప్పటికి అరవై ఏళ్లుగా నల్లజాతి ఆటగాళ్లకు మేజర్ లీగుల తలుపు మూసి ఉంది. 1945 ఆగస్టు 28న జాకీ రాబిన్సన్‌ని తన ఆఫీసుకి పిలిపించి, మైదానంలో ఎలాంటి తిట్లు పడతాయో తనే నటించి చూపించాడు, తిరగబడకుండా ఉండగలవా అని అడిగాడు. 1946లో మాంట్రియల్ మైనర్ జట్టుకి పంపాడు. రాబిన్సన్ అక్కడ .349 సగటుతో లీగ్‌లోనే మొదటివాడయ్యాడు. బేస్‌బాల్లో పదికి మూడు హిట్లు, అంటే .300, గొప్ప. 1947 ఏప్రిల్ 15న మేజర్ లీగులో అడుగుపెట్టేనాటికి అతనికి 28 ఏళ్లు. అంతకు మూడు నెలల ముందే నీగ్రో లీగుల్లో హోమ్ రన్లకు పేరుమోసిన జోష్ గిబ్సన్ 35 ఏళ్లకే కన్నుమూశాడు. ఆ లీగుల్లోనే ఆడిన సాచెల్ పేజ్‌కి పిలుపు 1948లో వచ్చింది, 42 ఏళ్ల వయసులో. వాళ్లు సిద్ధంగా లేక కాదు. సిద్ధమా అని అడిగినవాళ్లే లేరు.

1951లో ఇద్దరు కుర్రాళ్ల కథ మాత్రం కోచ్‌గా ఉన్న ప్రతివాడూ చదవాలి. విల్లీ మేస్ మినియాపొలిస్ మైనర్ జట్టులో 35 ఆటల్లో .477 కొట్టాడు. మే చివరలో న్యూయార్క్ జెయింట్స్ పైకి పిలిచారు. మొదటి 26 సార్లలో ఒక్కటంటే ఒక్క హిట్, అదీ వారెన్ స్పాన్ అనే పిచ్చర్ బౌలింగ్‌లో కొట్టిన హోమ్ రన్. కుర్రాడు ఏడ్చాడు, వెనక్కి పంపేయమన్నాడు. మేనేజర్ లియో డ్యురోషర్ ఒప్పుకోలేదు, నేనున్నంతకాలం నా సెంటర్ ఫీల్డర్‌వి నువ్వే అన్నాడు. ఆ ఏడు ఉత్తమ కొత్త ఆటగాడు మేసే. అదే వేసవిలో, అదే ఊళ్లో, యాంకీస్ జట్టు 19 ఏళ్ల మికీ మాంటిల్‌ని జులైలో కాన్సస్ సిటీకి తిరిగి పంపింది. అక్కడ 40 ఆటల్లో .361 కొట్టి ఆగస్టులోనే వెనక్కి వచ్చాడు. ఒకడికి నిలబెట్టడం మందు, ఇంకొకడికి దించడం మందు. ఇద్దరూ ఆటలో శిఖరాలయ్యారు. ఏ మందు ఎవరికన్నది అంకె చెప్పలేదు, దగ్గరుండి చూసినవాళ్లు చెప్పారు.

దగ్గరుండి చూసినవాళ్ల మాట వినకపోతే ఏమవుతుందో డేవిడ్ క్లైడ్ ఉదంతం చెబుతుంది. 1973లో టెక్సస్ రేంజర్స్ ఆటలకు జనం రావట్లేదు, జట్టు ఓడిపోతోంది. హ్యూస్టన్‌లో హైస్కూలు ముగించిన 18 ఏళ్ల క్లైడ్‌ని జట్లు కొత్త ఆటగాళ్లను పంచుకునే ఆ ఏటి డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంచుకున్నారు. మైనర్ లీగుల్లో ఒక్క ఆటా ఆడించకుండా జూన్ 27న నేరుగా మైదానంలోకి దించారు. హైస్కూల్లో చివరి ఆట ఆడి మూడు వారాలు. స్టేడియం కిక్కిరిసింది. అయిదు ఇన్నింగ్స్‌లో ఒకే హిట్ ఇచ్చి గెలిచాడు కూడా. గురితప్పిన బంతులతో ఏడుగురిని ఊరికే మొదటి బేస్‌కి నడిపించాడన్నది ఆ రాత్రి సంబరంలో ఎవరికీ పట్టలేదు. రెండు ఆటలయ్యాక కిందికి పంపుతామన్నవాళ్లు, టిక్కెట్లు అమ్ముడవుతుంటే పంపలేదు. కుర్రాడిని మైనర్ లీగులో పెట్టాలని మేనేజర్ వైటీ హెర్జోగ్ అన్నాడు, యజమాని వినలేదు. 24 ఏళ్లకి క్లైడ్ మేజర్ లీగ్ ఆట ముగిసిపోయింది: 18 గెలుపులు, 33 ఓటములు. అమెరికన్ బేస్‌బాల్ చేసిన తప్పుల్లో ఇంతకంటే సిగ్గుపడాల్సింది తక్కువ.

అంకెల శాస్త్రం వచ్చింది ఆ తర్వాతే. 1985లో బిల్ జేమ్స్ అనే రచయిత, మైనర్ లీగుల్లో కొట్టిన పరుగుల్ని మైదానాన్నీ లీగునీ బట్టి సరిచేస్తే పైన ఎంత కొడతాడో చాలావరకు చెప్పొచ్చని చూపించాడు. ఆల్బకర్కీ లాంటి ఊరు సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంటుంది. అక్కడి పల్చని గాలిలో బంతి ఎగిరిపోతుంది, కాబట్టి అక్కడి హోమ్ రన్లకు కోత వెయ్యాలి. దీనికి తిరగేసిన ఉదాహరణ జెఫ్ బాగ్వెల్. 1990లో బోస్టన్ రెడ్ సాక్స్ కింద డబుల్ ఎ లో, బ్యాటర్లకు అచ్చిరాని న్యూ బ్రిటన్ మైదానంలో .333 కొట్టాడు. హోమ్ రన్లు నాలుగే. కొద్ది వారాల అవసరానికి ఒక సీనియర్ పిచ్చర్ కావాలని ఆగస్టులో అతన్ని హ్యూస్టన్‌కి ఇచ్చేశారు. మరుసటి ఏడు ఉత్తమ కొత్త ఆటగాడు అతనే. 449 హోమ్ రన్లు కొట్టి 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. ఆ చిన్న ఊరి స్కోరుబుక్కులో అంతా రాసే ఉంది.

ఇప్పుడు కెమెరాలు బంతి తిరిగే వేగం కూడా లెక్కేస్తున్నాయి. అయినా స్వార్థం పోలేదు. 2015లో చికాగో కబ్స్ కుర్రాడు క్రిస్ బ్రయంట్ సన్నాహక ఆటల్లో తొమ్మిది హోమ్ రన్లు కొట్టాడు. అయినా సీజన్ మొదలయ్యేసరికి, ఫీల్డింగ్ ఇంకా మెరుగుపడాలని చెప్పి, కింద ఉంచారు. మేజర్ లీగులో 172 రోజులు ఉంటే ఒక ఏడు లెక్క. ఏప్రిల్ 17న పిలిచేసరికి అతనికి ఆ ఏడు వచ్చినవి 171 రోజులు. ఒక్క రోజు తక్కువతో జట్టుకి అతని మీద ఇంకో ఏడాది హక్కు దక్కింది. బ్రయంట్ ఫిర్యాదు చేశాడు, 2020లో ఓడిపోయాడు.

భారతీయులకూ ఈ నిచ్చెనతో పరిచయం ఉంది. ఒక టీవీ పోటీలో వేగంగా బంతి విసిరి ముందు నిలిచిన ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లను 2008 నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకుంది. అంతకు ఏడాది ముందు వాళ్లకు బేస్‌బాల్ అంటేనే తెలియదు. దినేశ్ రెండేళ్లకే తిరిగొచ్చేశాడు, రింకూ సింగిల్ ఎ దాకా ఎక్కాక గాయాలపాలయ్యాడు. మేజర్ లీగ్ అందలేదు. అయినా ఎక్కడ దాకా రాగలడో పరీక్షించుకునే అవకాశం ఇద్దరికీ దొరికింది.

అండమాన్ దీవుల్లోని డాలీగంజ్‌లో క్రికెట్ ఆడే తెలుగు కుర్రాడికి దొరకనిది అదే. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం పైనే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబాలవి. వాళ్ల పిల్లల చేతుల్లోనూ క్రికెట్ బ్యాటే. 2018లో బీహార్, ఉత్తరాఖండ్, పుదుచ్చేరి, ఈశాన్య రాష్ట్రాలు కలిపి తొమ్మిది కొత్త జట్లు రంజీలోకి వచ్చాయి. అండమాన్ జట్టు ఇప్పటికీ లేదు. ఎంత బాగా ఆడినా సముద్రం దాటి, మరో రాష్ట్రంలో కాపురం పెడితే తప్ప అతన్ని చూసేవాళ్లుండరు.

మెట్టు వేస్తే దీవుల పిల్లలు ఎక్కగలరా అన్న అనుమానం ఎవరికైనా ఉంటే సైక్లింగ్ చూడాలి. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) స్పోర్ట్స్ అథారిటీ శిక్షణ కేంద్రం ఉంది. అక్కడి నుంచి ఢిల్లీ వెలోడ్రోమ్‌కి దారి ఉంది. ఆ దారినే సునామీ నుంచి బతికి బయటపడ్డ డెబోరా హెరాల్డ్ దేశానికి పతకాలు తెచ్చింది. పడవ పోటీల నుంచి సైకిల్‌కి మారిన కార్ నికోబార్ కుర్రాడు ఈసో ఆల్బన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఏగ్ల్‌లో జూనియర్ ప్రపంచ పోటీల్లో కీరిన్ అనే సైకిల్ పందెంలో రజతం గెలిచాడు.

క్రికెట్‌కీ అలాంటి దారి అడగాల్సింది దీవుల పెద్దలే. భారత క్రికెట్ బోర్డులో సభ్యత్వం, కనీసం 16 ఏళ్లలోపు పిల్లలకు ఒక జట్టు కావాలని పరిపాలన మీద ఒత్తిడి తేవాలి. ఆ పనికి ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా ఎవరి అనుమతీ అక్కర్లేని పని ఒకటుంది: డాలీగంజ్‌లో గానీ గారాచర్మాలో గానీ పిల్లలు మ్యాచ్ ఆడిన ప్రతిసారీ పెద్దల్లో ఒకరు గట్టు మీద కూర్చుని స్కోరుబుక్కు రాయండి. ఎవరు ఎన్ని బంతులాడారు, ఎలాంటి పిచ్ మీద, ఎవరి బౌలింగ్‌లో అన్నదీ రాయండి. తేదీ వేసి భద్రంగా దాచండి. రేపు సెలెక్టర్ వచ్చి అడిగితే చూపించడానికి అది చేతిలో ఉండాలి.