పిడికెడు కొర్రలు

రాండ్రా, మంట కాడికి జరగండి. కందికట్టె బాగా ఎండింది, పొగ రాదులే. సంతోషంగా బతికినోళ్లను ఎవురినన్నా చూసినావా తాతా అని చిన్నోడు అడిగినాడు. చూసినా. ఇద్దర్ని చూసినా.

ఒకరు మాయమ్మ. అప్పట్లో మన ముదిగుబ్బలో వాన కంటే దుమ్మే ఎక్కువ. చెనిక్కాయ ఇత్తనం ఏస్తే మొలిచేది, ఊడ దిగే టయానికి మబ్బు మొగం చాటేసేది. పంట పోయిన ఏడు సగం ఊరు చిన్నరైలెక్కి కూలికి పొయ్యేది. ఇంత కరువులోనూ మాయమ్మ ఎసట్లో పోసేముందు కొర్రలు కొలిచి, దాంట్లోనించి ఒక పిడికెడు తీసి మూలనుండే చిన్న కుండలో ఏసేది. ఆదివారం చర్చికి కొంచెం, తక్కింది ఆ వారం ఎవురింట్లో పొయ్యి రాజలేదో వాళ్లకు. వాళ్లది ఏ కులం, ఏ దేవుడు అని చూసేది కాదు. "మనకే చాలకపోతే దానమెందుకు" అని నేను ఎగిరితే నవ్వేది. మా వంటకుండ ఖాళీగా ఉన్న రాత్రుళ్లు ఆమె హాయిగా పండుకునేది. ఆ మూలకుండ ఖాళీ అయితే మాత్రం తెల్లార్లూ దొర్లేది. కొండమీద ప్రసంగం ఆదివారం బడిలో గడగడా అప్పజెప్పినోణ్ణే గాని, ధన్యులంటే ఎవురో నాకు ఆ కుండే చెప్పింది.

రెండో ఆయన ఫాదర్. విన్సెంట్ ఫెర్రర్. 1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టినాడు. పడుచు వయసులో వాళ్ల దేశంలో అన్నదమ్ముల యుద్ధం చూసి, తర్వాత జెస్యూట్ సభలో చేరి, 1952లో మన దేశానికొచ్చినాడు. మహారాష్ట్రలో మన్మాడ్ కాడ రైతులతో బావులు తవ్వించినాడు. పెద్దోళ్లకు అది గిట్టలేదు, 1968లో దేశం ఇడిచి పొమ్మన్నారు. ఏలమంది రైతులు రోడ్డెక్కినారు. మరుసటేడు తిరిగొచ్చి ఎక్కడికి పోయినాడనుకుంటారు? మన అనంతపురానికే! నీళ్లుండే తావు చూసుకోలేదు చూడు.

1970లో సభ ఇడిచిపెట్టి అన్నా అనే ఇంగ్లీషామెను పెండ్లి చేసుకున్నాడు. రచ్చకట్ట మీద అది విని నవ్వినోళ్లూ ఉండారు, మూతి తిప్పిన భక్తులూ ఉండారు. జనం మాత్రం ఆయన సచ్చేదాకా ఫాదరనే పిలిచినారు. మతం మారమని ఆయన ఎవురినీ అడగలేదు. చెప్పాల్సిందంతా బావులతో, బడులతో, ఆసుపత్రితో చెప్పినాడు.

నాకు బాగా నచ్చింది ఇండ్ల సంగతి. ఆయన పెట్టిన ఆర్డీటీ సంస్థ కట్టించిన ఇల్లు ఆడమనిషి పేరు మీదనే రాయిస్తారు. అంతకుముందు తాగొచ్చి "నా ఇంట్లోనించి పో" అని పెండ్లాన్ని వాకిట్లోకి నెట్టేటోళ్లు లేరా? కాగితం ఆమె చేతికొచ్చినాక ఆ మాట అనేదానికి గొంతు లేయలేదు. మొగోళ్లకు ఇంత బుద్ధి చెప్పిన ప్రసంగం నేను ఏ చర్చిలోనూ ఇనలేదు.

ఆయనకు మాత్రం కష్టాలు తక్కువా? ఇన్నేండ్లు పనిచేసినా కరువు పోలేదు, వలసలూ పోలేదు. అయినా ఆ మొగంలో నిరాశ చూసినోళ్లు నాకు తగల్లేదు. 2009 జూన్ 19న పోయినాడు. మనకు దగ్గర్లోనే, బత్తలపల్లి ఆసుపత్రి కాడ మట్టిచేసినారు. తెల్లటోపీలోళ్లు, నామాలోళ్లు, బైబిలు పట్టుకున్నోళ్లు, అందరూ ఏడ్చినోళ్లే.

తర్వాత సంస్థవాళ్లు ఊర్లలో హుండీలు ఇచ్చినారు. స్పెయిన్ వాళ్ల దుడ్లే కాదు, మన చిల్లరతో గూడా మన పేదపిల్లోళ్లను చూసుకుందామని. మనింట్లో గూట్లో ఉండేది అదే. మీ జేజి దినామూ ఏస్తాది. మీయమ్మ మాత్రం బస్సుకు చిల్లర లేకపోతే దాంట్లోనించే తీస్తాది. సాయంత్రం మళ్లీ ఏస్తానంటాది. ఏసిందో లేదో మీరే కనుక్కోండి.