చూపు అటు, చెయ్యి ఇటు

పారిస్ నగరానికి పడమటి శివారున సాన్ జెర్మాన్ ఆన్ లే అనే ఊరుంది. ఆ ఊరి మ్యూజియం సొత్తులో సుమారు అయిదు వందల ఏళ్ళ నాటి వర్ణచిత్రం ఒకటుంది. పేరు ‘గారడీవాడు’. బల్ల మీద గిన్నెలు, గోళీలంత బంతులు. బల్లకు ఆవల ఎర్రటి అంగీ, పొడుగాటి నల్ల టోపీ వేసుకున్న గారడీవాడు ఒక బంతిని వేలికొసల మధ్య పట్టుకుని చూపిస్తున్నాడు. అతని నడుముకు వేలాడే బుట్టలోంచి గుడ్లగూబ తొంగి చూస్తోంది. ఈవల జనం గుమిగూడారు. వాళ్ళలో ఒక పెద్దమనిషి అసలు కిటుకేదో పట్టేసి తీరాలన్నట్టు బల్ల మీదికి వంగిపోయాడు. అతని వెనక నిలబడ్డ కళ్ళద్దాల ఆసామి మాత్రం తలెత్తి ఆకాశం వంక చూస్తున్నాడు. చెయ్యి మాత్రం పెద్దమనిషి డబ్బుసంచి మీద ఉంది.

దీన్ని నెదర్లాండ్స్ చిత్రకారుడు హిరోనిమస్ బాష్ గీశాడని చాలాకాలం నమ్మారు. ఆయన శైలిని అనుసరించినవాళ్ళెవరో గీసి ఉంటారని ఇప్పుడు చాలామంది పండితులు అంటున్నారు. ఎవరు గీసినా, ఆ కుంచె ఒక పని చేసింది. గారడీవాణ్ణీ జేబుదొంగనూ ఒకే చట్రంలో జోడీగా నిలబెట్టింది. ఒకడు చూపు లాగుతాడు, ఇంకొకడు సంచి లాగుతాడు. ఈ అనుమానం ఆ చిత్రానికి ముందూ ఉంది, తర్వాతా పోలేదు. రాజులు, పోలీసులు, చట్టాలు రాసేవాళ్ళు గారడీవాళ్ళను వందల ఏళ్ళపాటు ఆ కంటితోనే చూశారు.

‘అదుగో, నీ వెనక!’ అని వేలు చూపించి, ఎదుటివాడు తల తిప్పేలోగా పని కానిచ్చుకోవడం బడిపిల్లలకు కూడా తెలిసిన ఎత్తు. ఆ ఎత్తును బతుకుతెరువుగా మలచుకుని, చివరికి వేలెత్తే అవసరం కూడా లేకుండా చేసుకున్నది గారడీ వృత్తి. అందులో అన్నిటికన్నా పాతవాటిలో ఒకటి గిన్నెలు–బంతుల ఆట. క్రీ.శ. 65లో చనిపోయిన రోమన్ తాత్త్వికుడు సెనెకా తన స్నేహితుడు లుసిలియస్‌కు రాసిన ఒక ఉత్తరంలో ఈ ఆటను తలుచుకుంటాడు. పండితుల మాటల గారడీ ఇలాంటిదేనంటూ, గిన్నెల ఆటలో తనకు నచ్చేది ఆ మోసపోవడమేననీ, కిటుకు తెలిసిపోతే ఇక ఆసక్తే ఉండదనీ అంటాడు. దొంగకూ గారడీవాడికీ ఉన్న తేడా అంతా ఆ మాటలోనే ఉంది. గారడీ చూసేవాడికి తాను మోసపోతానని ముందే తెలుసు. తెలిసే వచ్చి నిలబడతాడు. ఇంటికి పోయేటప్పుడు అతని సంచి అతని దగ్గరే ఉంటుంది.

మన దేశపు గారడీవాడికి బల్ల లేదు. యూరప్‌వాడు బల్ల చాటున ఒళ్ళో ఏదైనా దాచుకోగలడు. మనవాడు నేల మీద గొంతుక్కూర్చుంటాడు, చుట్టూ జనం. పైన బొడిపె ఉన్న చిన్న గిన్నెలు, గుడ్డ ఉండలు, పక్కన ఒక సంచి, చేతిలో డమరుకం. ఏ వైపునా చాటు లేదు కాబట్టి చాటును మాటతోనూ చూపుతోనూ సృష్టించుకోవాలి. కుడిచేతిలోని ఉండ ఎడమచేతిలోకి వెళ్ళినట్టు నటించి, ఆ ఎడమచేతి వైపే తాను కుతూహలంగా చూస్తాడు. జనం కళ్ళన్నీ అతని కళ్ళ వెంట పోతాయి. మంత్రపు ఎముక కోసమో, చిన్న బొమ్మ కోసమో కుడిచెయ్యి సంచిలోకి పోతుంది. ఎముకను తియ్యడం అందరికీ కనిపిస్తుంది, ఉండను వదలడం ఎవరికీ కనిపించదు. చెయ్యి సంచిలోకి పోవడానికి ఒక సాకు కావాలి. ఆ సాకు పేరే మంత్రం.

చూపును చోటు నుంచి చోటుకే కాదు, కాలంలో కూడా మళ్లించవచ్చని చూపించింది మామిడిచెట్టు గారడీ. టెంకను మట్టిలో పాతి పైన గుడ్డ కప్పుతారు. వెంటనే మొలక రాదు. గారడీవాడు దాన్ని మరిచిపోయినట్టు గిన్నెల ఆట మొదలుపెడతాడు, హాస్యాలాడతాడు, దరువు వేస్తాడు. కాసేపటికి గుడ్డ తీస్తే మొలక. మళ్ళీ కప్పి ఇంకో ఆట. ఈసారి ఆకులు, ఆఖరికి కాయలు. చెట్టు పెరిగిందంతా జనం ఇంకో ఆటకు నవ్వుతున్నప్పుడే. ఇంటికెళ్ళి చెప్పేటప్పుడు మధ్యలోని ఆటలు ఎవరికీ గుర్తుండవు. టెంక పాతాడు, చెట్టొచ్చింది, అంతే.

గోల్కొండ వజ్రాల గనుల గురించి వివరంగా రాసిన ఫ్రెంచ్ వర్తకుడు టావెర్నియర్ 17వ శతాబ్దంలో ఈ గారడీని బరోడాలో చూశాడు. అప్పుడు పక్కనే ఉన్న ఇంగ్లీషు మతబోధకుడు దీన్ని సహించలేకపోయాడనీ, ఇంకా చూస్తూ కూర్చునేవాళ్ళకు చర్చిలో ప్రసాదం ఇవ్వనన్నాడనీ రాశాడు. ఆ మతబోధకుడి కంటికి అది దయ్యం పని. నిజానికి అప్పటికే ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ అనే కెంటు ప్రాంతపు పెద్దమనిషి ఇలాంటి భయాలకు జవాబు రాసి ఉన్నాడు. 1584లో అచ్చయిన ‘మంత్రగత్తెల గుట్టు’ గ్రంథంలో ఆయన బంతులు, నాణేలు, పేకముక్కల కిటుకులను విడమరిచి చెప్పాడు. లండన్‌లో చేతికష్టం మీద బతుకుతున్న ఒక ఫ్రెంచివాడి నేర్పును పేరు పెట్టి మెచ్చుకున్నాడు. ముసలి ఆడవాళ్ళను మంత్రగత్తెలని ఉరి తీస్తున్న కాలమది. గారడీ అంటే చేతివాటం, మాట నేర్పు తప్ప దయ్యంతో ఒప్పందం కాదని నిరూపిస్తే కొన్ని ప్రాణాలైనా నిలుస్తాయని స్కాట్ ఆశ. గారడీ గుట్టు విప్పినవాళ్ళందరిలో ఇంత మంచి కారణంతో విప్పినవాడు మరొకడు లేడు.

తెలుగునాట ఈ విద్యకు ప్రత్యేకమైన వారసులున్నారు. విప్రవినోదులు అనే వర్గం బ్రాహ్మణుల ఎదుట గారడీ ప్రదర్శించి సంభావన పుచ్చుకునేది. విజయనగర కాలపు శాసనాల్లో వాళ్ళ ప్రస్తావన ఉంది. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల గ్రంథంలోనూ వాళ్ళకు చోటు దొరికింది. శాసనానికి ఎక్కేంత గౌరవం ఉన్న గారడీ ఒకటి మన దగ్గర ఉండేదన్నమాట. సంతలో డమరుకం వాయించుకునేవాడికి మాత్రం ఆ భాగ్యం లేదు.

దక్షిణాది గారడీ సముద్రం కూడా దాటింది. 19వ శతాబ్దం తొలి దశకాల్లో రామో సామీ అనే పేరుతో ఒక రామస్వామి లండన్ రంగస్థలాల మీద బంతులు ఎగరేసి, గిన్నెల ఆట ఆడి, కత్తి మింగి పేరు తెచ్చుకున్నాడు. 1819లో అమెరికాకూ వెళ్ళాడు. విలియం హాజ్లిట్ అనే ఇంగ్లీషు వ్యాసకర్త 1821లో భారతీయ గారడీవాళ్ళ మీద ఒక గొప్ప వ్యాసం రాశాడు. నాలుగు ఇత్తడి బంతులను గాల్లో నిలిపే ఆ చేతుల ముందు తన రచనలన్నీ ఎంత తప్పులతడకలో అనిపించిందని అందులో ఒప్పుకున్నాడు. ఆ రామస్వామి 1850లో లండన్‌లోనే చనిపోయినప్పుడు, అంత్యక్రియలకు డబ్బు లేక అతని భార్య పత్రికాముఖంగా సాయం అడగాల్సి వచ్చింది.

ఇంతకీ ఇన్ని కళ్ళు ఒక్కడి కళ్ళ వెంట ఎందుకు పోతాయి? మనిషి కంటిలో తెల్లగుడ్డు బాగా కనిపిస్తుంది. జపాన్ పరిశోధకులు కొబయాషి, కోషిమా పదుల కొద్దీ వానరజాతుల కళ్ళను పోల్చి 1997లో ఈ సంగతి వెల్లడించారు. చాలా జాతుల్లో ఆ భాగం ముదురు రంగులో ఉండి, చూపు ఎటుందో తెలియనివ్వదు. మనిషి చూపు మాత్రం దూరానికి కూడా తెలిసిపోతుంది. ఏడాది నిండే వేళకు పసిబిడ్డ అమ్మ వేలు చూపిన వైపు చూడటం నేర్చుకుంటుంది. తెలుగు తల్లులు ఎప్పటినుంచో నమ్ముకున్నది దీన్నే. చందమామను చూపిస్తారు, నోరు తెరుచుకుని బిడ్డ పైకి చూస్తుండగానే గోరుముద్ద లోపలికి పోతుంది. వేలు చూపిన చోట నిజంగానే చందమామ ఉంటుంది కాబట్టి, బిడ్డ మర్నాడు కూడా నమ్ముతుంది. మనుషులు ఒకరి చూపును ఒకరు నమ్మడం ఇలా మొదలవుతుంది. గారడీవాడికి పెట్టుబడి ఆ నమ్మకమే.

1969లో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ బృందం ప్రకటించిన న్యూయార్క్ వీధి ప్రయోగం దీని బలాన్ని లెక్కగట్టింది. ఒక్క మనిషి కాలిబాట మీద ఆగి ఎదురు భవనం ఆరో అంతస్తు కిటికీకేసి చూస్తే, దారినపోయేవాళ్ళలో 42 శాతం మంది తలెత్తి చూశారు. పదిహేనుమంది చూస్తే ఆ సంఖ్య 86 శాతానికి పెరిగింది.

గుస్తావ్ కూన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త స్వయంగా గారడీ తెలిసినవాడు. 2006లో మైఖేల్ లాండ్‌తో కలిసి ఆయన ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. గారడీవాడు బంతిని రెండుసార్లు నిజంగా పైకి ఎగరేసి పట్టుకున్నాడు. మూడోసారి బంతిని చేతిలోనే దాచి, ఎగరేసినట్టు నటిస్తూ తన చూపును మాత్రం పైకి పంపాడు. చూసినవాళ్ళలో 68 శాతం మంది బంతి పైకి వెళ్ళి గాల్లో మాయమైందన్నారు. గారడీవాడు తన చేతికేసి చూసినప్పుడు అలా అన్నవాళ్ళు 32 శాతమే. అదిగో పులి అంటే ఇదిగో తోక అన్నట్టే అయింది. ఇంకో విశేషముంది. తాము బంతినే చూశామని వాళ్ళలో చాలామంది నమ్మారు. కంటి కదలికలను నమోదు చేసిన యంత్రం మాత్రం వాళ్ళ చూపులు తరచూ గారడీవాడి ముఖం మీదికి పోయాయని చెప్పింది. పల్లె సంతల్లో గారడీవాళ్ళు తరతరాలుగా చేతుల్లో పెట్టుకున్న జ్ఞానం ఇది. ప్రయోగశాల దానికి ఆలస్యంగా అంకెలు జోడించింది.

ఇదే విద్యను దొంగలు వాడతారన్నది కాదనలేని నిజం. మన పోలీసులూ పత్రికలూ ‘అటెన్షన్ డైవర్షన్’ ముఠాలని పిలిచేవాళ్ళ పద్ధతులు ఇప్పుడు అందరికీ తెలిసినవే. బ్యాంకు నుంచి డబ్బు తీసుకుని బయటికొచ్చిన మనిషి ముందు నాలుగు పదిరూపాయల నోట్లు పారేసి ‘అయ్యా, మీ డబ్బు పడిపోయింది’ అంటారు. చొక్కా మీద ఏదో మరక పడిందంటారు. బండి టైరులో గాలి లేదంటారు. మనిషి వంగుతాడు, వెనక్కి తిరుగుతాడు, సంచి పోతుంది. ఇక్కడ దెబ్బతినేది సొమ్ము ఒక్కటే కాదు. పడిపోయిన డబ్బు గురించి నిజంగానే చెప్పే తోటిమనిషి మాట కూడా రేపటి నుంచి అనుమానాస్పదమే. సీతమ్మను ఒంటరిని చేసింది కూడా సాయం కోరే గొంతులాంటి ఒక దొంగ కేకే కదా.

ప్రభుత్వాలకూ ఈ విద్య కావలసి వచ్చింది. 1953లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, జాన్ ముల్హాలండ్ అనే పేరున్న గారడీవాడికి మూడు వేల డాలర్లిచ్చి, ఎదుటివాడి గ్లాసులో ఎవరికీ తెలియకుండా మాత్ర వెయ్యడం ఎలాగో చెప్పే పుస్తకం రాయించుకుంది. అగ్గిపెట్టె తీసి సిగరెట్టు వెలిగించే సాకు మీద చేతిని గ్లాసు మీదుగా పోనివ్వడం లాంటి ఎత్తులు అందులో ఉన్నాయి. మంత్రపు ఎముక కోసం సంచిలో చెయ్యి పెట్టే మన గారడీవాడి సాకుకు అది అన్నదమ్ముడే. ఒకటి నవ్వు కోసం, ఇంకొకటి విషం కోసం.

డబ్బిచ్చి నేర్చుకున్నవాడికి రాని చెడ్డపేరు వీధిలో ఆడినవాడికి వచ్చింది. ఇంగ్లండులో 1572 నాటి చట్టం గారడీవాళ్ళను దేశదిమ్మరుల జాబితాలో చేర్చింది. మన దేశంలో 1871 నాటి నేరజాతుల చట్టం ఎన్నో సంచార సమూహాలను పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసింది. ఆ చట్టం రద్దయింది 1952లో. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం పాట, ఆట, జోస్యం, ప్రదర్శన నెపంతో డబ్బు పుచ్చుకోవడాన్ని కూడా భిక్షాటనగానే లెక్కగట్టింది. చట్టాన్ని ఢిల్లీకి కూడా వర్తింపజేయడంతో రాజధాని వీధుల్లో డమరుకం వాయించే ప్రతి గారడీవాడూ ఎప్పుడైనా పట్టుబడగల మనిషయ్యాడు.

పడమటి ఢిల్లీలో షాదీపూర్ డిపో పక్కన కఠ్‌పుత్లీ కాలనీ ఉండేది. కొయ్యబొమ్మలాట వాళ్ళు, గారడీవాళ్ళు, దొమ్మరి ఆటగాళ్ళు దశాబ్దాలపాటు అక్కడ ఇరుకు గదుల్లో బతికారు. 1995లో కుతుబ్‌మినార్ దగ్గర ఆరుబయట తాడు గారడీ చేసి చూపిన ఇషాముద్దీన్ ఖాన్ ఆ కాలనీవాడే. 2017లో పునర్నిర్మాణం పేరుతో బుల్డోజర్లు వచ్చి కాలనీని నేలమట్టం చేశాయి. మరుసటి ఏడాది ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లు రాజధానిలో చెల్లవని కొట్టివేసింది. వీధిలో ఆడే హక్కు చేతికొచ్చేసరికి, ఆడేవాళ్ళ ఇళ్ళు ఆ చోట లేవు.