వ్రాసికొన్న ఆట

మా మేనమామగారు మన గ్రామమున చదరంగమునకు పేరుపొందిన వారు. ఆయన చేతిలో నేను సుమారు పది సంవత్సరములు ఓడితిని. ఎట్లు ఓడితినో నేటికిని నాకు తెలియదు. ఆయన గతించి చాలకాలమైనది. అరుగుమీద ఆడిన ఆ వందలకొలది ఆటలలో ఒక్కటియు కాగితమున కెక్కలేదు. రజతోత్సవ సంచికకు ఏదైన వ్రాయుమని గ్రంథాలయమువారు కోరినప్పుడు నాకు మొదట తోచిన విషయ మిదియే.

మన పెద్దలు దేశీయపద్ధతిని ఆడెడివారు. బంటు మొదటి ఎత్తునను ఒక్క గడియే కదలును. రాజు ఒకమారు గుఱ్ఱమువలె దూకవచ్చును. ఆటకట్టు కాగానే పావులు సంచిలోనికి పోవును, ఎత్తులు గాలిలో కలిసిపోవును. ఓడినవాడు మరునాడు మరల వచ్చి అదే తప్పు చేయును.

వ్రాతవలన ఏమి దక్కునో వంగదేశపు ఉదంతమొకటి చెప్పుచున్నది. 1848 ప్రాంతమున కలకత్తాలో జాన్ కాక్రేన్ అను స్కాట్లండు న్యాయవాదికి మహేశచంద్ర బందోపాధ్యాయ అను బ్రాహ్మణుడు తటస్థపడెను. నగరమునకు దూరముగా పల్లెలో ఓటమి యెరుగక యుండిన మనిషి యాయన. వా రిరువురును సంవత్సరముల తరబడి ఆడిరి. కాక్రేన్ ఆ ఆటలను వ్రాసియుంచెను. వానిలో కొన్ని లండను పత్రికలలో అచ్చయినవి. శకటును ప్రక్కనుండి నడపి నడిమి గడులను దూరమునుండి అదుపుచేయు మహేశచంద్రుని పద్ధతి అందువలననే లోకమునకు తెలిసినది. నేడు ‘ఇండియన్ డిఫెన్స్’ అని వ్యవహరింపబడు రక్షణవ్యూహముల పేరునకు మూలము ఆయన ఆటలే యని చరిత్రకారు లందురు. కాక్రేన్ కలము పట్టనిచో ఆయనయు మా మామగారివలెనే మరుగున పడియుండును.

తెలుగుదేశమున ఈ మార్పునకు గుర్తుగా నేను 1955వ సంవత్సరమును చెప్పుదును. ఆ యేట మొట్టమొదటి జాతీయ చదరంగ పోటీ మన ఏలూరులో జరిగినది. ఆంధ్రుడైన డి. వెంకయ్య, మహారాష్ట్రుడైన రామచంద్ర సాప్రే సమానముగా ప్రథమస్థానమున నిలిచిరి. ఢిల్లీ, బొంబాయి నగరముల కంటె ముందు ఏలూరునకు ఈ గౌరవము దక్కినదని మనలో ఎందరికి తెలియును? ఇట్టి పోటీలలో అంతర్జాతీయ నియమములే చెల్లును. ప్రతి యెత్తును ఆటగాడే తన చేతితో వ్రాయవలెను. కావున ఓటమికి తార్కాణము ఓడినవాని జేబులోనే యుండును.

ఆ కాగితముతో ఏమి చేయవలెనో గట్టిగా చెప్పినవాడు 1948లో జగజ్జేత యైన సోవియట్ ఇంజనీరు మిఖాయిల్ బోట్విన్నిక్. తన ఆటలను తానే విప్పి చూచుకొని, వ్యాఖ్యతో ప్రకటింపవలెననియు, పరులు తప్పుపట్టుదురను జంకు ఉన్నచో ఆత్మవంచనకు చోటుండదనియు ఆయన మతము. కార్పోవ్, కాస్పరోవ్ లిరువురును ఆయన పాఠశాలలో శిక్షణ పొందినవారే.

నే నీ పాఠము ఆలస్యముగా నేర్చితిని. ఇప్పుడు నా నివాసము సికింద్రాబాదు పద్మారావు నగరము. స్కందగిరి ఆలయమునకు పోయివచ్చు దారిలో ఒక మిత్రుని వరండాయందు సాయంకాలములు ఆడుదుము. ఒకనాడు 22వ ఎత్తున గుఱ్ఱమును పోగొట్టుకొని ఓడితిని. పరాకు అనుకొంటిని. ఆట వ్రాసియుంటిని గనుక రాత్రి మరల పేర్చి చూచితిని. పరాకు కాదు, 14వ ఎత్తున అనవసరముగా రాజు ముందరి బంటును జరిపితిని, అటుపిమ్మట ఆ గుఱ్ఱమునకు నిలుచు చోటే లేదు. నోటుపుస్తకమున నలువది ఆటలు చేరిన తరువాత ఇంకొకటి బయటపడినది: మంత్రులు మారిన వెంటనే ఆట సమమైనదని తలచి తొందరపడుట నా అలవాటు. మనుష్యుని స్వభావము కూడ గడులలో పడునేమో!

ఈ దినములలో పిల్లలు చేతిలోని ఫోనును అడిగి క్షణములో తప్పు తెలిసికొనుచున్నారు. యంత్రమును నేను నిందింపను. 1997లో కాస్పరోవునే ఓడించినది గదా. అది ‘ఈ ఎత్తు చెడ్డది’ అని చెప్పును. ఆ క్షణమున నేనేల దానిని మంచిదనుకొంటినో చెప్పలేదు. అందుచేత మొదట నా కలము, తరువాతనే యంత్రము.

గుడివాడలో జన్మించి, తండ్రి అశోక్ గారివద్ద నేర్చి, 2002లో 15వ ఏట గ్రాండ్ మాస్టరైన కోనేరు హంపి. 2004లో ప్రపంచ జూనియర్ విజేత యైన గుంటూరు పెండ్యాల హరికృష్ణ. 2024 డిసెంబరులో 2800 పాయింట్లు దాటిన వరంగల్లు అర్జున్ ఎరిగైసి, వీరి పోటీ ఆటలు నేడు ఏ పల్లెలో కూర్చున్నను ఎత్తువెంట ఎత్తుగా చూడవచ్చును, గెలిచినవియు, ఓడినవియు.

మా మామగారి ఆటలలో ఒక్క తుది స్థితి మాత్రము నాకు జ్ఞాపకమున్నది. ఆయన ఏనుగు, ఒక బంటు. నా ఏనుగు, రెండు బంట్లు. అయినను నేనే ఓడితిని. దానిని నోటుపుస్తకపు మొదటి పుటలో గీచియుంచితిని. అచ్చటినుండి వెనుకకు పోయి, ఆయన ఏమి చేసి నన్ను అచ్చటికి తెచ్చెనో కనుగొనవలెనని పలుమార్లు ప్రయత్నించితిని. నాలుగైదు ఎత్తులు దాటి పోలేకపోతిని.