డొనేషన్ల నుంచి ఎన్నారై కోటా దాకా

సూర్‌లోని మన కుటుంబాల్లో పిల్లల ప్లస్ టూ పూర్తవుతుందనగానే కాలేజీ ఫీజు చర్చ మొదలవుతుంది. దీని వెనుక నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో డొనేషన్లను నిషేధిస్తూ 1983లోనే చట్టం వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు అన్నది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ తీర్పుతో ఆ ఏర్పాటు పోయింది. 2005లో ఇనాందార్ తీర్పు ఎన్నారైల పిల్లలకు 15 శాతం వరకు సీట్లు అనుమతించింది. ఆ సొమ్ము పేద విద్యార్థులకు ఉపయోగపడాలనీ చెప్పింది.

ఉద్దేశం మంచిదే. కాని ఎన్నారై అంటే ధనవంతుడనే లెక్క అందులో ఉంది. చిన్న జీతగాడికి మిగిలింది అప్పే. 2001 నాటి బ్యాంకుల విద్యారుణ పథకం పొలం అమ్మకుండా చదివించే దారి చూపింది. ఆ అప్పు తల్లిదండ్రులతోపాటు పిల్లల పేరునా ఉంటుంది. కనుక సీటుకు ముందే వాయిదాల లెక్క పిల్లలతో కలిసి వేద్దాం.