వ్యవసాయ విమానయానం: ఇంధన ప్రణాళిక, అత్యవసర ల్యాండింగ్

పంటలపై మందు చల్లే విమానం నేలకు కేవలం మూడు, నాలుగు మీటర్ల ఎత్తున ఎగురుతుంది. అక్కడ ఇంజిన్ ఆగితే పైలట్‌కు మిగిలేది కొన్ని క్షణాలే. అందుకే ఈ రంగంలో ఇంధన ప్రణాళికను ప్రాణరక్షణ చర్యగా పరిగణిస్తారు.

1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో సైనిక పైలట్ జాన్ మెక్‌రెడీ చెట్ల తోటపై పురుగుమందు చల్లడంతో వ్యవసాయ విమానయానం ఆరంభమైంది. భారత్‌లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ 1970వ దశకంలో ‘బసంత్’ అనే వ్యవసాయ విమానాన్ని తయారుచేసింది. 2020లో రాజస్థాన్‌లో మిడతల నివారణకు 250 లీటర్ల మందు మోయగల బెల్ 206 హెలికాప్టర్‌ను వినియోగించారు.

ఇంధనమా, మందా?

విమానం మోయగల బరువుకు పరిమితి ఉంది. ఇంధనం పెరిగితే మందు తగ్గాలి. గంటకు 200 లీటర్లు వాడే టర్బైన్ విమానానికి 30 నిమిషాల నిల్వ అంటే 100 లీటర్లు, సుమారు 80 కిలోలు. ఆ మేరకు అదనంగా మందు నింపాలన్న ఆశే ప్రమాదానికి తొలి మెట్టు. అమెరికా నిబంధనల ప్రకారం, పగటివేళ కంటిచూపుపై ఆధారపడి నడిపే విమానంలో గమ్యం చేరేసరికి మరో 30 నిమిషాలకు సరిపడా ఇంధనం మిగలాలి. హెలికాప్టర్‌కు ఇది 20 నిమిషాలు.

ట్యాంకులో ఉన్నా అందని ఇంధనం

ఇంధనం పూర్తిగా అయిపోవడం ఒక ప్రమాదం. ఉన్న ఇంధనం ఇంజిన్‌కు అందకపోవడం మరొకటి. పొలం చివర విమానాన్ని పదేపదే వేగంగా తిప్పేటప్పుడు ట్యాంకులో అడుగున ఉన్న ఇంధనం ఒక పక్కకు ఒరిగి, గొట్టంలోకి గాలి చేరవచ్చు. ఆ కుదుపులకు మీటరు సూచిక కూడా తప్పు చూపవచ్చు. కాబట్టి నింపిన పరిమాణాన్ని స్వయంగా సరిచూసుకుని, ఎగిరిన సమయాన్ని బట్టి ఖర్చు లెక్కించడం శ్రేయస్కరం. రన్‌వే నుంచి పొలానికి రాకపోకలు, మలుపులు, పూర్తి బరువుతో పైకి లేవడం అన్నీ ఆ లెక్కలో చేరాలి.

ఇంజిన్ ఆగితే

పైలట్ ఉన్న వేగాన్ని ఎత్తుగా మార్చుకుని, తొట్టిలోని మందును వెంటనే వదిలివేసి బరువు తగ్గించుకోవాలి. ఆపై వేగం పడిపోకుండా ముక్కును దించాలి. వెనక్కి తిరిగే ప్రయత్నం చేయకుండా, ఎదురుగా ఉన్న అనువైన చోటే దిగాలి. విద్యుత్ తీగలు, గట్లు, కాలువలు ప్రధాన అవరోధాలు. తడి మాగాణిలో చక్రాలు కూరుకుపోయి విమానం బోల్తాపడే ముప్పుంది. అందువల్ల దిగదగిన స్థలాలను పని మొదలుపెట్టక ముందే గుర్తించుకోవాలి.

నిల్వ ఇంధనాన్ని మరో విడత మందు చల్లడానికి వాడకూడదు. అది విమానం క్షేమంగా తిరిగి చేరడానికి ఉంచినది.